పిల్లల గదిలో గాలి ఎలా ఉంది? ఎయిర్ క్వాలిటీ మానిటర్ కొనేముందు, కొన్నాక



చలికాలం వచ్చేసింది. ఇంకొన్నాళ్లలో పరీక్షలు. సాయంత్రం కాగానే దోమలు వస్తాయని కిటికీలు వేసేస్తాం, చలి అని తలుపు కూడా దగ్గరికి వేస్తాం. ఆ గదిలోనే పిల్లలు హోమ్‌వర్క్ చేస్తారు, చదువుకుంటారు, నిద్రపోతారు. స్కూల్లో మా దగ్గర ఉండే గంటలకంటే ఇంట్లో ఉండే గంటలే ఎక్కువ. పైగా శరీర బరువుతో పోల్చి చూస్తే పెద్దవాళ్లకంటే పిల్లలే ఎక్కువ గాలి పీలుస్తారు. అందుకే ఈమధ్య పేరెంట్స్ మీటింగుల్లో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది: "మేడమ్, ఇంటికి ఎయిర్ క్వాలిటీ మానిటర్ కొనమంటారా? కొంటే ఏది కొనాలి?"

ముందు ఒక మాట. థర్మామీటర్ జ్వరాన్ని తగ్గించదు, ఎంత ఉందో చెబుతుంది, అంతే. ఈ మానిటర్ కూడా గాలిని శుభ్రం చేయదు. అది చూపించిన అంకెను బట్టి మనం ఏదో ఒకటి మార్చుకుంటేనే పెట్టిన డబ్బుకు ఫలితం.

ఇది ఏమేం కొలుస్తుంది?

మొదటిది పీఎం 2.5. గాలిలో తేలే 2.5 మైక్రోమీటర్లు, అంతకంటే చిన్న కణాలు ఇవి. మన తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రోమీటర్లు ఉంటుంది కాబట్టి, ఇవి ఎంత చిన్నవో ఊహించుకోవచ్చు. ముక్కులో ఆగకుండా ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లిపోతాయి. వాహనాల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, వంటింటి పోపు, అగరుబత్తి, దోమల కాయిల్ అన్నింటి నుంచీ వస్తాయి.

రెండోది కార్బన్ డయాక్సైడ్. మనం వదిలే ఊపిరిలో ఉండేదే. బయటి గాలిలో ఇది సుమారు 420 పీపీఎం ఉంటుంది, రద్దీ ఊళ్లలో ఇంకాస్త ఎక్కువ. గదిలో 1000 దాటిందంటే విషం అని కాదు, ఆ గదిలోకి కొత్త గాలి సరిపడా రావడం లేదని గుర్తు. ఈ 1000 అనే కొలబద్ద కొత్తదేం కాదు. జర్మనీలోని మ్యూనిక్‌కు చెందిన మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ అనే ఆరోగ్య శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే చెప్పారు.

మూడోది టీవీఓసీ. పెయింట్, కొత్త ఫర్నిచర్, ఫినాయిల్, సెంటు వంటి వాటి నుంచి వచ్చే ఆవిరులన్నీ కలిపి చూపించే అంకె ఇది. ఏ ఆవిరి ఎంత ఉందో విడదీసి చెప్పలేదు. పెరిగిందా, తగ్గిందా అన్నంత వరకే దీన్ని నమ్మండి. వీటితో పాటు ఉష్ణోగ్రత, గాలిలో తేమ కూడా చూపిస్తాయి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

షాపులో గానీ ఆన్‌లైన్‌లో గానీ "తొమ్మిది రకాలు కొలుస్తుంది" అన్న మాటకు పడిపోకండి. తొమ్మిది సరిగా కొలవని దానికంటే రెండు సరిగా కొలిచేది మేలు. ఈ నాలుగు విషయాలు అడగండి.

1. పీఎం 2.5ను ఘనపు మీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు అని అంకెలో చూపిస్తుందా? రంగు లైటో, నవ్వుముఖం బొమ్మో మాత్రమే చూపించేది వద్దు. ఇంట్లో వాడే మానిటర్లలో చాలావరకు లేజర్ సెన్సర్ ఉంటుంది. చిన్న ఫ్యాన్ గాలిని లోపలికి లాగితే, కణాల మీద పడి చెదిరిన కాంతిని బట్టి లెక్క వేస్తుంది.

2. కార్బన్ డయాక్సైడ్‌ను నిజంగా కొలుస్తుందా, అంచనా వేస్తుందా? వివరాల్లో "ఎన్‌డీఐఆర్" సెన్సర్ అనో, "ఫొటో అకూస్టిక్" అనో రాసి ఉంటే నిజంగా కొలుస్తుంది. "ఈ-సీఓ2" అని ఉంటే ఆవిరులను బట్టి వేసిన అంచనా మాత్రమే. పక్కన శానిటైజర్ రాసుకున్నా ఆ అంకె ఎగిరిపోతుంది. చవక మోడళ్లలో ఎక్కువగా తేడా వచ్చేది ఇక్కడే.

3. పాత రీడింగులు దాచుకుంటుందా? రాత్రి రెండింటికి గది ఎలా ఉందో చూడటానికి మనం మేల్కొని కూర్చోలేం కదా. గ్రాఫ్ చూపించేదైతే అసలు సంగతి తెలుస్తుంది.

4. ఫోన్, వైఫై లేకుండా కూడా పనిచేస్తుందా? యాప్ ఆగిపోయినా స్క్రీన్ మీద అంకె కనిపించాలి.

ఒకే గాలికి రెండు అంకెలా?

చాలామంది కంగారుపడేది ఇక్కడే. ఏక్యూఐ అనేది నేరుగా కొలత కాదు, కొలతలను బట్టి వేసే మార్కు. ఆ మార్కులు వేసే పద్ధతి దేశాన్ని బట్టి మారుతుంది. పీఎం 2.5 ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు ఉంటే, మన దేశం లెక్కలో ఏక్యూఐ 100. అంటే "సంతృప్తికరం". అదే గాలికి అమెరికా లెక్కలో 150 దాటుతుంది, అంటే "అనారోగ్యకరం". మానిటర్లలో, యాప్‌లలో చాలా వరకు అమెరికా లెక్కే వాడతారు. కాబట్టి సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఏక్యూఐ బదులు నేరుగా మైక్రోగ్రాముల్లో చూడటం అలవాటు చేసుకోండి.

ఏ అంకె మంచిదంటే, 24 గంటల సగటుకు మన దేశ ప్రమాణం 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 15. రెండింటి మధ్య తేడా చాలా ఉంది. మన ఊళ్లలో చలికాలం 15 లోపు ఉంచడం కష్టమే. 60 దాటకుండా చూసుకుంటూ, వీలైనంత తగ్గించడం మన వల్ల అయ్యే పని.

ఇంకో సంగతి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో సనత్‌నగర్, జూపార్క్, విశాఖపట్నం, తిరుపతి వంటి కేంద్రాల ఏక్యూఐ చూడొచ్చు. అక్కడ కణాల లెక్క 24 గంటల సగటు మీద వేస్తారు. మీ మానిటర్ చూపేది ఈ నిమిషం సంగతి. రెండూ కలవకపోతే పరికరం పాడైందని అనుకోకండి.

ఎక్కడ పెట్టాలి?

పిల్లలు కూర్చునే చోట, వాళ్ల ముక్కు ఉండే ఎత్తులో పెట్టండి. అంటే నేలకు మూడు నుంచి అయిదు అడుగులు. ముఖానికి మరీ దగ్గరగా పెడితే వాళ్ల ఊపిరే కొలుస్తుంది, కనీసం ఒక మీటరు దూరం ఉంచండి. కిటికీ పక్కన, ఏసీ గాలి సూటిగా తగిలేచోట, పొయ్యి దగ్గర, ఎండ పడేచోట వద్దు.

కొన్న మొదటి రోజు నీడగా ఉన్న బాల్కనీలో అరగంట ఉంచండి. కార్బన్ డయాక్సైడ్ 420కి కాస్త అటూ ఇటూగా వస్తే సరిగా ఉన్నట్టు. కొన్ని రోజులకొకసారి ఇలా బయటి గాలి చూపించడం అవసరం కూడా. చాలా పరికరాలు గత కొన్ని రోజుల్లో చూసిన అతి తక్కువ అంకెనే బయటి గాలి అనుకుని తమను తాము సరిచేసుకుంటాయి. ఎప్పుడూ మూసే ఉండే గదిలో పెడితే క్రమంగా అసలుకంటే తక్కువ చూపించడం మొదలుపెడతాయి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. తేమ 80-85 శాతం దాటితే కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, సెన్సర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పొగమంచు ఉన్న ఉదయం, హ్యూమిడిఫయర్ నడుస్తున్నప్పుడు వచ్చే అంకెను అంతగా పట్టించుకోకండి.

మొదటి వారం: చూడండి, రాయండి

మొదటి వారం ఏమీ మార్చకండి. ఒక నోట్‌బుక్ పిల్లలకే ఇవ్వండి. ఉదయం లేచినప్పుడు, స్కూల్ నుంచి వచ్చినప్పుడు, పోపు వేసేటప్పుడు, పూజ అయ్యాక, పడుకునే ముందు రీడింగ్ రాయమనండి. పక్కన ఆ సమయంలో ఇంట్లో ఏం జరుగుతోందో కూడా రాయాలి. ఆరు, ఏడు తరగతుల పిల్లలు సగటు కట్టగలరు, గ్రాఫ్ గీయగలరు. అంకె ఎందుకు పెరిగిందో రోజూ ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు సొంతంగా రాయించండి. కారణం, ఫలితం చెప్పే వాక్యాలకు ఇంతకంటే మంచి అభ్యాసం నేను క్లాసులో ఇవ్వలేను.

ఆ వారంలో మీకు బహుశా రెండు విషయాలు కనిపిస్తాయి. ఒకటి, ఏసీ వేసి తలుపులు మూసిన పడకగదిలో ఇద్దరు ముగ్గురు పడుకుంటే తెల్లారేసరికి కార్బన్ డయాక్సైడ్ 2000 దాటడం మామూలే. ఇంట్లో వాడే స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది, బయటి గాలిని తీసుకురాదు. రెండోది, పొగ. 2003లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం ఒక దోమల కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లు కాలినంత పీఎం 2.5 వస్తుంది. తలంటు పోసిన పిల్లలకు సాంబ్రాణి పొగ వేసేటప్పుడు కూడా ఒకసారి మానిటర్ చూడండి. నానమ్మ, అమ్మమ్మలకు మాటలతో చెప్పడం కష్టం, అంకె చూపిస్తే వాళ్లే కిటికీ తెరుస్తారు.

అంకె పెరిగితే ఏం చేయాలి?

కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, బయట గాలి బాగుంది: ఎదురెదురు కిటికీలు పది పదిహేను నిమిషాలు తెరవండి.

కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, బయట కూడా దుమ్ము, పొగ: గది తలుపు హాల్లోకి తెరిచి ఉంచండి. కిటికీలు మధ్యాహ్నం తెరవండి. చలికాలంలో తెల్లవారుజామున, రాత్రిపూట పొగ నేలకు దగ్గరగా నిలిచిపోతుంది. ఎండ ఎక్కాక గాలి కలిసి పలచబడుతుంది.

లోపల పీఎం 2.5 ఎక్కువ, బయట తక్కువ: కారణం ఇంట్లోనే ఉంది. కాయిల్ బదులు కిటికీకి మెష్, మంచానికి దోమతెర. పోపు వేసేముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. అగరుబత్తి ఒకటి చాలు, కిటికీ తెరిచి వెలిగించండి. పొడి చీపురు తర్వాత తడిగుడ్డ పెట్టండి.

లోపలా బయటా పీఎం 2.5 ఎక్కువ: కిటికీలు మూయండి, ప్యూరిఫయర్ ఉంటే వేయండి. అయితే ప్యూరిఫయర్ కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించదు. బయట గాలి తేరుకున్నాక మళ్లీ కిటికీ తెరవాల్సిందే.

భోగి దగ్గర పడుతోంది. మంటలో పాత కట్టెలు, పిడకలు వేసుకోండి. టైర్లు, ప్లాస్టిక్ మాత్రం వద్దని మీ అపార్ట్‌మెంట్‌లో ముందే అనుకోండి.

ఇది కాపాడలేనివి

ఇది అన్నింటికంటే ముఖ్యం. కార్బన్ డయాక్సైడ్ వేరు, కార్బన్ మోనాక్సైడ్ వేరు. గాలి ఆడని బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ వాడితే, మూసిన గదిలో చలికాచుకోవడానికి బొగ్గుల కుంపటి పెడితే వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. వాసన ఉండదు, రంగు ఉండదు, నిమిషాల్లో ప్రాణం తీయగలదు. మామూలు ఎయిర్ క్వాలిటీ మానిటర్లలో ఎక్కువ భాగం దీన్ని పసిగట్టవు, వంటగ్యాస్ లీకునూ పసిగట్టవు. గ్యాస్ గీజర్ బాత్రూమ్ బయటే ఉండాలి. కుంపటి మూసిన గదిలోకి అసలు రాకూడదు. తెరమీద పచ్చరంగు కనిపిస్తోంది కదా అని ధీమాగా ఉండొద్దు.

అలాగే ఇది డాక్టర్ కాదు. ఆస్తమా ఉన్న పిల్లలకు అంకె బాగుందని ఇన్‌హేలర్ ఆపకండి. అంకె బాగున్నా పిల్లలకు ఆయాసంగా ఉంటే పిల్లలు చెప్పేదే నమ్మి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మార్కులు ఎందుకు తగ్గాయో కూడా ఇది చెప్పదు.

అందరూ కొనాలా?

అవసరం లేదు. ఇంట్లో ఆస్తమా, అలర్జీ ఉన్నవాళ్లుంటే, మెయిన్ రోడ్డు పక్కనో, నిర్మాణాలు జరిగేచోటో ఉంటే, ప్యూరిఫయర్ కొనాలా వద్దా అని ఆలోచిస్తుంటే ఉపయోగపడుతుంది. మిగతావాళ్లు అపార్ట్‌మెంట్‌లో నాలుగు కుటుంబాలు కలిసి ఒకటి కొని, తలో వారం వాడుకోవచ్చు. ఇంట్లో అలవాట్లు తెలుసుకోవడానికి ఒక వారం చాలు.

ఒక చిన్న విన్నపం. ఎర్రరంగు చూపించి పిల్లలను భయపెట్టకండి. రాత్రిపూట స్క్రీన్ వెలుతురు తగ్గించండి. పుస్తకం ముందు కూర్చున్న పిల్లవాడు ఆవలిస్తుంటే, బద్ధకం అని కోప్పడేముందు ఒక్కసారి లేచి గది కిటికీ తెరవండి. దానికి మానిటర్ కూడా అక్కర్లేదు.