వంద దేశాల వర్క్‌షాపు

మీ ఊరి వడ్రంగిని కొత్తరకం కుర్చీ చేయమని అడిగి చూడండి. "ఒకటి చూపించండి బాబూ, చేసేస్తా" అంటాడు. ఆ కుర్చీ నార్వేలో ఉందనుకోండి. దాని బొమ్మ, కొలతలు ఇంటర్నెట్‌లో నిమిషంలో తెప్పించవచ్చు. కాని కుర్చీ అలా రాదు గదా! కర్ర కోయడానికి చోటు, పనిముట్లు, చేయి తిరిగినవాడు ఒకడు ఇక్కడే ఉండాలి.

ఈ చిక్కును విప్పడానికి పుట్టినవే ఫ్యాబ్ ల్యాబులు. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో నీల్ గెర్షన్‌ఫెల్డ్ అనే ఆచార్యుడు 1998లో "దాదాపు దేన్నయినా తయారుచేయడం ఎలా?" అనే పాఠం మొదలుపెట్టాడు. ఆ పాఠమే తరువాత వర్క్‌షాపుల వలగా పెరిగింది. ఇప్పుడవి వందకు పైగా దేశాల్లో ఉన్నాయి.

అమెరికా దాటిన మొదటి ల్యాబు ఎక్కడ వెలసిందో తెలుసా? మన దేశంలోనే! 2002లో, మహారాష్ట్రలో పుణె దగ్గరి పాబళ్ అనే పల్లెలో. అక్కడ డాక్టర్ శ్రీనాథ్ కల్బాగ్ అనే శాస్త్రజ్ఞుడు 1983లోనే విజ్ఞాన ఆశ్రమం స్థాపించారు. బడి మానేసిన పిల్లలకు ఇనుప పని, కరెంటు పని, వ్యవసాయం నేర్పిస్తూ వాటి ద్వారానే చదువు చెప్పేవారు. అలాంటి చోటికి ఈ ల్యాబు రావడంలో వింత లేదు.

ఈ ల్యాబులన్నిటిలో దాదాపు ఒకేరకం యంత్రాలుంటాయి. లేజరు కిరణంతో పలకలు కోసేది ఒకటి, చెక్కను చెక్కేది ఒకటి, కరిగిన ప్లాస్టిక్‌ను పొరమీద పొరగా పేర్చే త్రీ-డి ప్రింటరు ఒకటి. కిటుకంతా ఆ "ఒకేరకం"లో ఉంది. అమ్మ "గ్లాసుడు బియ్యం, రెండు గ్లాసుల నీళ్ళు" అని పక్కింటికి చెబితే ఏ గ్లాసయినా సరిపోతుంది. "గ్లాసుడు బియ్యానికి చెంచాడు ఉప్పు" అంటేనో? ఇద్దరి గ్లాసూ, చెంచా ఒకటే కావాలి!

అయినా పేచీ తీరదు. లేజరు కోసినచోట సన్నని గీత మేర పలక కాలి ఆవిరైపోతుంది. ఆ గీత వెడల్పు యంత్రాన్ని బట్టి, పలకను బట్టి మారుతుంది. అందుచేత ఒక ఊళ్ళో గట్టిగా బిగిసిన అతుకు మరో ఊళ్ళో వదులై ఊగుతుంది. కాబట్టి ముందు చిన్న ముక్క కోసి, కొలిచి, బొమ్మను సరిదిద్దుకుంటారు. ఈ పని ఇంటర్నెట్ చేయలేదు సుమా! చేసినవాడు ఆ కొలతనూ, చెడిపోయిన ముక్క సంగతినీ రాసిపెడితేనే మిగతావాళ్ళకు ఉపయోగం. 2009లో మొదలైన ఫ్యాబ్ అకాడమీలో ఇది నియమం. గురువు తెరమీద పాఠం చెబుతాడు, విద్యార్థులు తమ ఊరి ల్యాబులో పని చేస్తారు, పొరపాట్లతో సహా అందరూ చదివేలా రాస్తారు. నామటుకు నాకు యంత్రాలకన్నా ఈ అలవాటే ఎక్కువ నచ్చింది.

2020 మార్చిలో కరోనా వచ్చి దేశమంతా మూతపడింది. వైద్యులకు ముఖాన్ని కాపాడే పారదర్శక కవచాలు చాలలేదు. ముంబయిలో మేకర్స్ అసైలం అనే ఇలాంటి వర్క్‌షాపువాళ్ళు ఒక కవచం రూపొందించి, దాని బొమ్మను అందరికీ ఇచ్చేశారు. దేశంలో ఎక్కడివాళ్ళక్కడ కోసి, దగ్గరి ఆసుపత్రులకు అందించారు. 49 రోజుల్లో, 42 ఊళ్ళలో కలిపి పది లక్షల కవచాలు తయారయ్యాయి.