బండలు, అలలు: తైలవర్ణ చిత్రమునకు తొలిపాఠము

మన పాఠశాల బాలబాలికలలో పలువురు సముద్రమును చూచియుండలేదు. సముద్రతీరమును చిత్రింపుడనిన, గోడమీది కాలెండరు బొమ్మకు నకలు తీయుదురు. అందు నీలిరంగు నిండుగా నుండును గాని రాతికి బరువుండదు, నీటికి కదలిక యుండదు. అయినను, రాళ్లతో నిండిన తీరమును చిత్రించుటకు వలసిన విద్యలో సగము చాకవేలు పిల్లలకు ఇంటిముంగిటనే దొరకునని మేము చెప్పుదుము. ఆ సగము రాయి.

మేము పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందిన దినములలో విశాఖపట్టణ తీరమును చూచితిమి. అచట డాల్ఫిన్ నోస్ అను కొండ సముద్రములోనికి చొచ్చుకొనిపోయినది. ఆ ప్రాంతపు రాతికి ఖోండలైట్ అని పేరు. అది ఎరుపు కలిసిన గోధుమవన్నెలో కనబడును. మన బాగేపల్లి సీమ బండలు గ్రానైటు, నైసు జాతులవి, బూడిదవన్నెవి. వన్నె వేరైనను వెలుగు పడు తీరు ఒక్కటే. ఎండ తగిలిన పైభాగము తెల్లన, ప్రక్కభాగము మధ్యమము, అడుగుభాగము నల్లన. ఈ మూడు ఛాయలను వేరుపరచినగాని బండ గుండ్రముగా కనబడదు.

ఒక చెంబెడు నీరు బండపై పోసి చూడుడు. తడిసిన చోటు నల్లబడి, అందు ఆకాశపు వెలుగు మెరయును. సముద్రములో అల తాకినంత మేర రాళ్లు అట్లే యుండును. చెరువు మరువ పారునపుడు, నీరు రాళ్లపై విరిగి నురుగగుటను గమనింపుడు.

ఇక సామగ్రి. తెలుపు, అల్ట్రామరీన్ నీలి, పసుపు ఓకరు, బర్న్‌ట్ సియెన్నా అను నాలుగు రంగులు చాలును. నీలియు సియెన్నాయు కలిపిన ముదురు బూడిదరంగు వచ్చును. రాతినీడకు అదియే తగినది. కాన్వాసుకు గాని అట్టకు గాని ముందుగా తెల్లని ప్రైమరు పూయవలెను. లేనిచో నూనె గుడ్డలోనికి ఇంకి దానిని చివికించును.

దిగంతరేఖను నడిమికి కొంత పైగా, నిట్టనిలువు కొలతతో సరిచూచి, సమముగా గీయుడు. అది ఒరిగినచో సముద్రమే ఒలికిపోవునట్లుండును. మొదట ఆకాశము, పిదప దూరపు నీరు, ఆపై బండల నీడలు, తరువాత వాని వెలుగుముఖములు, కడపట నురుగు వేయవలెను. నురుగంతయు తెలుపు కాదు. దాని నీడవైపు నీలము కలిసిన బూడిదవన్నె యుండును. అల శిఖరము పలుచనగుటచే వెలుగు దానిగుండా వచ్చి ఆకుపచ్చగా తోచును. అచట నీలిలో కొంచెము ఓకరు కలుపుడు.

ఈ రంగులలోని అవిసెనూనె నీటివలె ఆవిరికాదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి మెల్లగా గట్టిపడును. కావున తొలిపొరను టర్పెంటైనుతో పలుచన చేసి, పైపొరలలో నూనెను హెచ్చింపవలెను. ఇది తారుమారైనచో పైపొర బీటలు వారును. కిటికీలు తెరచియే పనిచేయుడు. నూనె గుడ్డలను కుప్పగా వేయకుడు. అవి ఆరునపుడు పుట్టు వేడిమిచే తమంతట అంటుకొనవచ్చును. ఆరుబయట విడివిడిగా పరచి ఆరవేయుడు.

మైసూరు జగన్మోహన ప్యాలెస్ చిత్రశాలలో రాజా రవివర్మ (1848-1906) తైలవర్ణ చిత్రములు కలవు. అచటికి పోయినపుడు దగ్గర నిలిచి కుంచెజాడలను, దూరముగా నిలిచి వెలుగునీడలను పరికింపుడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు అడిగినంతనే పెద్ద రంగులపెట్టె కొననక్కరలేదు. ఒకే బండను ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము బొగ్గుముక్కతో మూడుమారులు గీయుమనుడు. ఆ మూడింటిలో నీడ మూడు తావులలో పడినచో, బిడ్డ చూచుట నేర్చినదని తెలియును. అప్పుడు రంగులు కొనుడు.