కత్తి చేతిలో తేలాలి

మాది నిజామాబాద్, కర్రసాము, కత్తిసాము నేర్పుతాను. నాందేడ్ వెళితే హజూర్ సాహిబ్ చుట్టుపక్కల కత్తుల దుకాణాలు చూడకుండా రాలేను. 1708లో గురు గోవింద్ సింగ్ తనువు చాలించిన చోట మహారాజా రంజిత్ సింగ్ 1832-37 మధ్య కట్టించిన గురుద్వారా అది. గురువు ఆయుధాలు లోపల ఉన్నాయి. బయట అమ్మేవి నకళ్లు.

‘‘ఎంత బరువుందో చూడండి’’ అని దుకాణదారు మురిపిస్తాడు. పడిపోకండి! పాత తల్వార్ సాధారణంగా కిలోకి కాస్త అటూఇటూ. పాత కమ్మరి అలుగును పిడి దగ్గర మందంగా ఉంచి, మొనకు పోనుపోను పలచగా సాగగొట్టేవాడు. చవక నకలు మొదలు నుంచి చివరిదాకా ఒకే మందం. బరువంతా ముందుకు పోతుంది. విసిరాక ఆపబోతే మణికట్టు లాగేస్తుంది. పైగా తల్వార్ పిడి చివరనున్న బిళ్ల మణికట్టును ఎక్కువ వంగనివ్వదు. భుజంతో తిప్పి, కోసినట్టు లాగాలి.

కొనేముందు అలుగును వేలిమీద నిలిపి చూడండి. నిలిచే చోటు పిడికి దగ్గరైతే చేతికి తేలిక. మొనవైపు జరిగేకొద్దీ వేటుకు బలం, చేతికి శ్రమ.

కృపాణం ధరించే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం సిక్కులకిచ్చింది. మిగతావాళ్లు మాత్రం ఆయుధాల చట్టం ఏమంటుందో ఠాణాలో అడిగాకే డబ్బు తీయండి.