పెరటికీ ఒక ప్లాను కావాలి

దేవుడు మొదటి మనిషిని ఉంచింది తోటలో అని ఆదికాండము రెండవ అధ్యాయము తెలుపుచున్నది. ఆ తోటను చూసుకునే పనిని కూడా ఆయనే అప్పగించాడు. మన కుటుంబాల్లో ఇల్లు కట్టేటప్పుడు ఇంజనీరును అడుగుతాము, మేస్త్రీని మాట్లాడుకుంటాము, అప్పు తెచ్చైనా స్లాబు వేస్తాము. ఇంటి చుట్టూ ఉన్న స్థలం గురించి మాత్రం ఎవరినీ అడగము. గృహప్రతిష్ఠకు బంధువులు తెచ్చిన మొక్కలను ఖాళీ కనబడిన చోటల్లా నాటేస్తాము.

దాని ఫలితం పదేండ్లకు తెలుస్తుంది. కొబ్బరి మట్టలు వంటింటి రేకుల మీద పడతాయి. మామిడి కొమ్మలు కరెంటు తీగలను తాకుతాయి. చెట్టు వేళ్లు సెప్టిక్ ట్యాంకు వైపు పాకుతాయి. మన వాననీరు పొరుగువారి వాకిట్లో నిలిచి మాటా మాటా పెరుగుతుంది. చివరకు కాపుకు వచ్చిన చెట్టునే కొట్టించవలసి వస్తుంది. బిందెలతో నీళ్లు మోసి దాన్ని పెంచిన తల్లికి అది ఎంత బాధ!

తెలిసినవారు ఏమి చూస్తారు?

పది సెంట్లంటే 4,356 చదరపు అడుగులు. ఇంటికి 1,000 అడుగులు పోగా మిగిలింది చాలా ఎక్కువని తోస్తుంది. కాని కొబ్బరికీ కొబ్బరికీ మధ్య సుమారు 25 అడుగులు, పెద్దగా పెరిగే మామిడికి 30 అడుగులకు పైగా ఎడం ఉండాలి. అందుచేత తెలిసినవారు ముందుగా నేల వాలు, మట్టి, బావి, సెప్టిక్ ట్యాంకు, తీగలు ఎక్కడున్నాయో చూసి, ఆ తరువాతే మొక్కల పేర్లు చెబుతారు. ఎండాకాలపు సాయంత్రపు ఎండ పడమటి గోడను కాలుస్తుంది గనుక నీడనిచ్చే చెట్టును ఆ వైపున, గోడకు తగినంత దూరంలో పెట్టిస్తారు. 1,000 అడుగుల డాబాపై 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే సుమారు 900 లీటర్ల నీరు దిగుతుంది. ఆ నీటికి పునాదికి దూరంగా ఇంకుడు గుంత చూపిస్తారు.

అందరూ నాటుతున్నారని నాటడం కూడా మంచిది కాదు. త్వరగా పచ్చగా ఎదుగుతుందని ఎన్నో ఊళ్లలో నాటిన కోనోకార్పస్‌ను గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది.

ఎవరిని అడగాలి?

సామాన్య కుటుంబానికి పెద్ద నిపుణుడు అవసరం లేదు. మండలంలోని ఉద్యాన అధికారిని, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగవచ్చు. వెంకటరామన్నగూడెంలోను, సిద్దిపేట జిల్లా ములుగులోను ఉద్యాన విశ్వవిద్యాలయాలున్నాయి. కడియం వంటి చోట్ల నర్సరీ వారికి మంచి అనుభవం ఉంది. అయితే మొక్కలు అమ్మేవారు ఎక్కువ మొక్కలు చెప్పే అవకాశమూ ఉందని మరువకూడదు.

చర్చి ఆవరణ, పాఠశాల, హాస్టలు వంటి పెద్ద స్థలాలకైతే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టును పిలవడం మేలు. ఆర్కిటెక్టు అని చెప్పుకునేవారు 1972 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదై ఉండాలి. ఆ నంబరు అడగడం తప్పు కాదు.

పని అప్పగించే ముందు ఈ సంగతులు కాగితం మీద పెట్టుకోండి:

1. ప్లాను గీసినందుకు ఫీజు ఎంత? మొక్కలకు, కూలికి వేరుగా ఎంత?
2. ఏ మొక్కలు, ఎన్ని, ఎంత ఎత్తువి?
3. చనిపోయిన మొక్కలకు బదులు ఎవరు ఇస్తారు? ఎన్ని నెలల వరకు?
4. మొదటి రెండు వేసవుల్లో నీరు ఎక్కడినుండి, ఎవరు పోస్తారు?
5. డబ్బు చాలకపోతే ఈ ఏడు ఏ పని, వచ్చే ఏడు ఏ పని?

గోపురం కట్టగోరేవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కచూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం (లూకా 14) ఇక్కడ కూడా వర్తిస్తుంది. చూసి నాలుగు మాటలు చెప్పినందుకు డబ్బేమిటని కొందరు సణుగుతారు. ఆ నాలుగు మాటల వెనుక ఎన్నో ఏండ్ల చదువు, శ్రమ ఉన్నాయి. పనివాని కూలి మరునాటి వరకు మన దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండము 19వ అధ్యాయము ఆజ్ఞాపించింది. గుంట తవ్వినవానికీ, ప్లాను గీసినవానికీ అది సమానమే.

సంఘ కమిటీలు ఆ ప్లానును రిజిస్టరుతోపాటు భద్రపరచాలి. పాస్టరుగారు బదిలీ అయినా, వచ్చేవారు అదే పనిని కొనసాగించగలుగుతారు. లేనియెడల ఒకరు నాటింది మరొకరు కొట్టించడమే జరుగుతుంది.

ప్రియ చదువరీ, తొలకరికి ముందే ఒక సాయంత్రం కుటుంబమంతా కలిసి ఇంటి చుట్టూ నడవండి. నీరు ఎటు పోతోందో, ఎండ ఎక్కడ పడుతోందో పిల్లల చేత కాగితం మీద గీయించండి. ఆ కాగితం తీసుకొని తెలిసినవారి దగ్గరకు వెళ్లండి. మీరు నాటే చెట్టు నీడలో మీ మనుమలు కూర్చుండునట్లు దేవుడు మీ ఇంటిని దీవించును గాక.