కాంక్రీటులో దాగిన బ్యాటరీ

సముద్రం దగ్గరి ఊళ్లలో ఇది అందరూ చూసేదే. సన్‌షేడ్ అడుగున పెచ్చు ఊడి, ఎర్రబారిన చువ్వ బయటపడుతుంది. మేస్త్రీ తుప్పు గీకి, కొత్త సిమెంటు పూసి పోతాడు. కొన్నేళ్లకు ఆ అతుకు బాగానే ఉంటుంది గానీ దాని పక్కనే పగుళ్లు తేలతాయి. తిట్లు మేస్త్రీకి. నిజానికి అతను పని శుభ్రంగా చేయడంతోనే చిక్కు వచ్చింది.

కాంక్రీటును మనం రాయి అనుకుంటాం. దాని నిండా కంటికి ఆనని రంధ్రాలు, వాటిలో క్షారపు తడి. ఆ తడిలో అయాన్లు నడుస్తాయి. పైకి గట్టిగా కనిపించే విద్యుద్విశ్లేష్యం అది. కొత్త కాంక్రీటులో ఆ తడి పీహెచ్ 12.5 పైనే కనుక చువ్వ మీద పలచని ఆక్సైడు పొర కట్టి కాపలా కాస్తుంది. ఉప్పుగాలి మోసుకొచ్చిన క్లోరైడు లోపలికి ఇంకితే ఆ పొరకు చిల్లు పడుతుంది. అక్కడ ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది. అవి చువ్వ వెంటే పోయి మరోచోట ఆక్సిజన్‌కూ నీటికీ అందుతాయి. బ్యాటరీ రెండు కొసలూ ఒకే చువ్వ మీదే!

కరిగే చోటు తాను పోతూ పక్క భాగాన్ని కాపాడుతుంటుంది. మేస్త్రీ దాన్ని బాగుచేయగానే, అప్పటికే ఉప్పు ఇంకిన ఆ పక్క భాగానికి అండ పోతుంది. ఇక కరగడం దాని వంతు.

ఇనుముకన్నా సులువుగా ఎలక్ట్రాన్లిచ్చే జింకును తగిలిస్తే కరిగేది జింకే. 1824లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ బ్రిటిష్ యుద్ధనౌకల రాగి తొడుగుకు చెప్పిన ఉపాయం ఇలాంటిదే. రాగి దక్కింది. కానీ రాగి కరగడం ఆగేసరికి గుల్లలూ నాచూ ఓడ అడుగును పట్టేశాయి, పాపం డేవీ! కాంక్రీటు వంతెనకు 1973లో కాలిఫోర్నియాలో ఇంజనీరు రిచర్డ్ స్ట్రాట్‌ఫుల్, చువ్వలకు ఎలక్ట్రాన్లు అందేలా బయటినుంచి కరెంటు ఇచ్చి చూశాడు. మామూలుగా చదరపు మీటరు ఉక్కుకు 20 మిల్లీఆంపియర్లు మించి అక్కర్లేదు.

గాలిలో అయాన్లకు దారి లేదు. అందుకే ఇంటి గేటుకు జింకు ముక్క కడితే జానెడు దూరంలోని తుప్పు కూడా ఆగదు. కాంక్రీటులో ఆగుతుంది.

ఇప్పుడు అరచేతిలో ఇమిడే జింకు బిళ్లలు దొరుకుతున్నాయి. జింకు తన మీద తానే మొండి పొర కట్టుకుని పని మానేయకుండా, చుట్టూ ఘాటైన క్షారం కలిపిన మోర్టార్ ఉంటుంది. బిళ్లను కట్టాల్సింది అతుకు అంచున. పైన ఎపాక్సీ పూస్తే అయాన్ల దారి మూసుకుపోతుంది, సిమెంటు మోర్టారే వాడాలి. తీగ చుట్టే ముందు చువ్వను మెరిసేదాకా గీకాలి. మధ్యలో తుప్పు మిగిలితే ఎలక్ట్రాన్లు సరిగా దాటవు.