పరుగు పందెమూ, పడిశమూ

పరుగు పందెంలో కప్పు గెలుచుకున్న కుర్రవాడు రెండు రోజులు తిరక్కుండానే ముక్కు చీదుకుంటూ మూల కూర్చోవడం మీరెప్పుడైనా చూశారా? "అంతలేసి పరుగులేమిట్రా, జబ్బు చేయదూ!" అని ఇంట్లో బామ్మగారు మందలిస్తారు. బడిలో డ్రిల్లు మాస్టారేమో "రోజూ పరుగెత్తేవాడి దగ్గరకు జబ్బులు రావు" అంటారు. ఎవరి మాట నిజం? ఈ తగవు ఇళ్లలోనే కాదు, శాస్త్రజ్ఞుల మధ్య కూడా చాలా ఏళ్లుగా నడుస్తోంది. అందులో తమాషా ఏమిటంటే, ఇద్దరి చేతుల్లోనూ అంకెలున్నాయి.

ముందు కాస్త వెనక్కు వెళ్దాం. 1901లో అమెరికాలోని బోస్టన్ నగరంలో మారథాన్ పందెం జరిగినప్పుడు లారబీ అనే వైద్యుడు కొందరు పోటీదారుల రక్తాన్ని పందేనికి ముందూ, పందెం ముగిశాకా తీసి పరీక్షించాడు. పరుగు తరువాత తెల్లకణాల సంఖ్య ఎంతగానో పెరిగి కనిపించింది. ఒంట్లో వాపో, తీవ్రమైన జబ్బో ఉన్న మనిషి రక్తం ఎలా ఉంటుందో అలా ఉన్నది. కాని వాళ్లకు ఏ జబ్బూ లేదు!

తెల్లకణాలంటే మీకు తెలుసు. రోగక్రిములతో పోరాడే కణాలివి. వీటిలో చాలా రకాలున్నాయి. బాక్టీరియాను పట్టి మింగివేసేవి న్యూట్రోఫిల్స్. వైరస్ చొరబడిన కణాన్ని గుర్తించి చంపేవీ, ప్రతిరక్షకాలను తయారుచేసేవీ, పాత శత్రువును ఏళ్ల తరబడి జ్ఞాపకం ఉంచుకునేవీ లింఫోసైట్లు. లింఫోసైట్లలోనే నేచురల్ కిల్లర్ కణాలని ఒక తెగ ఉంది. ఇవి ఎవరి ఆజ్ఞ కోసమూ ఎదురుచూడక, తేడాగా కనిపించిన కణాన్ని అక్కడికక్కడే చంపేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఘన మిల్లీమీటరుకు అన్ని రకాల తెల్లకణాలూ కలిపి 4,000 నుంచి 11,000 వరకు ఉంటాయి.

మరి పరుగెత్తినప్పుడు పెరిగిన తెల్లకణాలు ఎక్కడి నుంచి వచ్చాయి? కొత్తగా పుట్టినవి మాత్రం కావు. ఎముకల లోపలి మూలుగలో ఒక న్యూట్రోఫిల్ తయారు కావాలంటే రోజులు పడుతుంది. పందెం గంటల్లో ముగుస్తుంది.

మన పల్లెల్లో సాయంత్రం పూట వీధిని తలచుకోండి. వీధి మధ్యలో నడిచేవాళ్లు కొద్దిమందే. చాలామంది అరుగుల మీద చేరబడి కూర్చుని ఉంటారు. ఇంతలో మేళతాళాలతో ఊరేగింపు వచ్చిందనుకోండి. అరుగుల మీది వాళ్లంతా దిగి వీధిలోకి వస్తారు. వీధిలో జనం ఇమ్మడి, ముమ్మడి అవుతారు కాని ఊరి జనాభా ఒక్కరు కూడా పెరగదు. తెల్లకణాల సంగతీ అంతే. వాటిలో ఎన్నో రక్తనాళాల గోడలకు అంటిపెట్టుకొనీ, ప్లీహంలోనూ, ఊపిరితిత్తులలోనూ ఆగి ఉంటాయి. మనం పరుగు మొదలుపెట్టగానే గుండె వేగం హెచ్చుతుంది. మూత్రపిండాల పైన టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. రక్తప్రవాహపు ఒరిపిడికి, అడ్రినలిన్ ఇచ్చిన సంకేతానికి, గోడలనంటి ఉన్న కణాలు పట్టు వదిలి ప్రవాహంలో పడతాయి. అందరికంటే ముందు దిగేవి నేచురల్ కిల్లర్ కణాలే.

ఇంతవరకు తగవు లేదు. తగవంతా ఊరేగింపు వెళ్లిపోయిన తరువాత మొదలైంది.

గంటల కొద్దీ తీవ్రంగా శ్రమించినవారి రక్తాన్ని, ఆ శ్రమ ముగిసిన గంటకో, రెండు గంటలకో తీసి చూస్తే లింఫోసైట్ల సంఖ్య మామూలుకంటే కూడా కిందికి పడిపోయి ఉంటుంది. శ్రమ ఎంత తీవ్రమైతే పతనం అంత ఎక్కువ. మరునాటికి మళ్లీ మామూలవుతుంది. ఈ మధ్యకాలంలో ఇంటి తలుపు తెరిచిపెట్టి కాపలావాడు ఎటో పోయినట్టే గదా, దొంగలాంటి వైరస్ చొరబడడానికి ఇదే అదను అని చాలామంది శాస్త్రజ్ఞులు భావించారు. దీనికి 'తెరిచిన కిటికీ' వాదమని పేరు.

ఈ వాదానికి బలమైన సాక్ష్యాలు కూడా దొరికాయి. 1982లో దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్‌లో 56 కిలోమీటర్ల పరుగు పందెం జరిగింది. అందులో పాల్గొన్న 150 మందిని ఎంచి, పందెం తరువాత రెండు వారాల్లో ఎవరెవరికి పడిశమో, గొంతు నొప్పో వచ్చిందో పరిశోధకులు విచారించారు. పోల్చడానికి ఆ పరుగువీరుల ఇళ్లలోనే ఉంటూ పరుగెత్తని వాళ్లను తీసుకున్నారు. ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకే గాలి, చక్కని ఎంపిక! పరుగెత్తినవారిలో నూటికి 33 మంది జబ్బు పడ్డామన్నారు. ఇంట్లో ఉన్నవారిలో నూటికి 15 మంది. పైగా వేగంగా పరుగెత్తినవారే ఎక్కువగా జబ్బు పడ్డారు. 1987లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ మారథాన్ తరువాత నీమన్ అనే శాస్త్రజ్ఞుడు 2,300 మందికి పైగా పరుగువీరుల నుంచి వివరాలు సేకరించాడు. పందెంలో పాల్గొన్నవారిలో ఆ తరువాతి వారంలో నూటికి సుమారు 13 మంది జబ్బు పడ్డారు. తగినంత అభ్యాసం ఉండి కూడా ఆ రోజు పరుగెత్తనివారిలో నూటికి ఇద్దరే.

బామ్మగారు గెలిచినట్టే కనిపిస్తోంది, కదూ? కొంచెం ఆగండి.

పడిశం వచ్చిందని చెప్పింది ఎవరు? పరుగెత్తినవాళ్లే. వాళ్లను ఏ వైద్యుడూ పరీక్షించలేదు, ఎవరి ముక్కులోనూ వైరస్ కోసం వెదకలేదు. నాలుగైదు గంటలు నోటితో గాలి పీల్చితే గొంతు ఎండిపోయి గరగరలాడుతుంది. దుమ్ముకు ముక్కు కారుతుంది. అవి జబ్బు లక్షణాల్లాగానే ఉంటాయి. 2007లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో క్రీడాకారులతో పాటు వ్యాయామం లేనివారిని కూడా నెలల తరబడి గమనించి, "పడిశం" అన్నప్పుడల్లా నమూనా తీసి ప్రయోగశాలలో పరీక్షించారు. మొత్తం 37 సందర్భాలలో రోగక్రిమి దొరికింది 11 సార్లు మాత్రమే! ఇలా నమూనాలు తీసి చూడడం శ్రమతో, ఖర్చుతో కూడిన పని. కాని ఇంత చిన్న ప్రశ్న ఎవరూ గట్టిగా అడగకుండానే పాతికేళ్లు గడిచాయంటే ఆశ్చర్యంగా లేదూ?

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. రక్తంలో కనబడకుండా పోయిన లింఫోసైట్లు చచ్చిపోయాయా, లేక ఎక్కడికైనా వెళ్లాయా? వీధిలో జనం తగ్గారని ఊళ్లో జనం చచ్చిపోయారనుకోలేం గదా! 2008లో జర్మనీ పరిశోధకులు ఎలుకల లింఫోసైట్లకు మెరిసే రంగు పట్టించి, వాటిని తిరిగి ఎలుకల రక్తంలోకి ఎక్కించారు. తరువాత ఎలుకల చేత బాగా పరుగు తీయించారు. రంగు కణాలు ఊపిరితిత్తులలోనూ, పేగుల గోడలలోనూ, ఎముక మూలుగలోనూ ఎక్కువగా కనిపించాయి. వైరస్‌లు, బాక్టీరియా చొరబడే ద్వారాలు ఊపిరితిత్తులూ, పేగులే అని మరచిపోకండి. కాపలావాడు పారిపోలేదు, గస్తీకి వెళ్లాడు! వీధిలో లెక్కపెట్టేవాళ్లకు అది కనబడలేదు. ఈ సాక్ష్యాలన్నీ కూర్చి, తీవ్రవ్యాయామం రోగనిరోధక శక్తిని అణచివేస్తుందన్నది అపోహ అని 2018లో ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు శాస్త్రజ్ఞులు వాదించారు.

అయితే పందెం తరువాత జబ్బు పడ్డవాళ్లందరూ అబద్ధమాడారనా? కాదు. నిజంగా క్రిమి పట్టినవాళ్లూ ఉన్నారు. వేలమంది ఒకరినొకరు రాసుకుంటూ నిలబడే పందెంలో తుమ్మేవాడు ఒక్కడుంటే చాలు. దూరప్రయాణం, ముందురోజు రాత్రి నిద్ర లేకపోవడం, ఆదుర్దా కూడా కలుస్తాయి. ఇవే అసలు కారణాలని ఒక పక్షం అంటుంది. శ్రమ వంతు కూడా ఉందని రెండో పక్షం పట్టుపడుతుంది. 2020లో రెండు పక్షాల వారూ ఒకే వ్యాసంలో ఎవరి వాదం వారు రాసుకున్నారు! నా మటుకు నాకు మొదటి పక్షమే బలంగా తోస్తుంది. కాని నిద్ర చెడి, తిండి చాలక, నెలల తరబడి విశ్రాంతి లేకుండా సాధన చేసే క్రీడాకారుల విషయంలో రెండో పక్షాన్ని తోసిపుచ్చలేం.

ఇక మితవ్యాయామం మాటకు వస్తే తగవు చాలా తక్కువ. మితమంటే ఎంత? దానికి యంత్రాలక్కర్లేదు. చకచకా నడుస్తూ పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది మితం. నాలుగు మాటలకొకసారి ఊపిరి కోసం ఆగవలసివస్తే అది తీవ్రం. 1990లో ప్రచురించిన ఒక పరిశోధనలో కొద్దిగా లావుగా ఉన్న 36 మంది స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక జట్టు చేత వారానికి ఐదు రోజులు, రోజుకు 45 నిమిషాల చొప్పున 15 వారాలు చురుకుగా నడిపించారు. నడిచినవారు పడిశంతో బాధపడిన రోజులు నడవనివారితో పోలిస్తే సగమే. 2011లో వెలువడిన మరో పరిశోధనలో సుమారు వెయ్యిమందిని 12 వారాలు గమనించారు. వారానికి ఐదారు రోజులు వ్యాయామం చేసేవారికి, దాదాపు చేయనివారికంటే పడిశం రోజులు నూటికి 43 వంతులు తక్కువ. అయితే ఇక్కడ ఒక్క మాట. ఆరోగ్యం బాగున్నవాళ్లే ఎక్కువ వ్యాయామం చేస్తూ ఉండవచ్చు గదా! అందుచేత సంఖ్యలో రెండోది పెద్దదైనా, చిట్టి పరిశోధనే అయిన మొదటిదాని పద్ధతి నాకు నచ్చుతుంది. అరుగుల మీది కణాలను రోజూ ఒకసారి దించి ఊరంతా తిప్పిరావడమే ఈ మేలుకు కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. కబడ్డీ అయినా సరే, కోతికొమ్మచ్చి అయినా సరే.

ఒక్క సందర్భంలో మాత్రం బామ్మగారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. అది జబ్బు ఒంట్లోకి వచ్చేసిన తరువాత. 1947లో ఇంగ్లండులో పోలియో విజృంభించినప్పుడు రిచీ రస్సెల్ అనే వైద్యుడు రోగులను శ్రద్ధగా విచారించాడు. పక్షవాతం రాబోయే ముందు, జ్వరంతో, తలనొప్పితో ఉన్న ఆ ఒకటి రెండు రోజుల్లో మంచం మీద పడుకున్నవారికి పక్షవాతం స్వల్పంగా వచ్చింది, కొందరికి రానేలేదు. "ఈ మాత్రం జ్వరానికే పడుకుంటామా" అని ఆటలాడినవారికీ, బరువు పనులు చేసినవారికీ తీవ్రంగా వచ్చింది. పడిశం తెచ్చే వైరస్‌లకు ఇంత శక్తి లేదు. కాని గుండె కండరానికి పాకగల వైరస్‌లు కొన్ని ఉన్నాయి. కాక్సాకీ అనే అట్టి వైరస్ ఒకటి సోకిన ఎలుకల చేత బలవంతాన ఈత కొట్టించి 1970లో పరిశీలించారు. విశ్రాంతిగా ఉంచిన ఎలుకలకంటే ఈదిన ఎలుకల గుండెల్లో వైరస్ ఎన్నో రెట్లు పెరిగింది, ఎక్కువ ఎలుకలు చనిపోయాయి. అందువల్లనే క్రీడాకారుల వైద్యులు నేటికీ ఒక తేలిక పద్ధతి పాటిస్తారు. బాధంతా మెడకు పైన, అంటే ముక్కు కారడం, తుమ్ములు మాత్రమే అయితే మెల్లగా నడవనిస్తారు. జ్వరం, ఒళ్లు నొప్పులు, గుండెలో దగ్గు ఉంటే మరునాడు ఫైనల్ పోటీ ఉన్నా సరే, ఆటగాణ్ణి మైదానంలోకి దిగనివ్వరు.