దేహంలో చొచ్చే బూజు — దాని చికిత్స

హైదరాబాదులోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు ఉదయాన వెళ్ళినవారికి ఒకవైపు బంతి, చామంతి, గులాబీ రాసులు, మరొకవైపు అమ్ముడుపోక వాడిన పూల కుప్పలు కనిపిస్తవి. ఇట్టి కుప్ప తడిసి కొద్దిరోజులు నిలవ ఉంటే దానిపై బూడిదరంగు నూగు వంటి బూజు పుడుతుంది. రొట్టె మీద పెరిగే రైజోపస్ అనే బూజు ఈ తెగలోనిదే. కుళ్ళినదానిని మట్టిలో కలపడం దీని పని. ఇది లేకపోతే భూమి మీద చెత్త కొండలుగా పేరుకుపోయేది.

దీని సిద్ధబీజాలు గాలిలో తేలుతూ ప్రతిదినం మన ముక్కులలోకి పోతూనే ఉంటవి. అయినా మనకు జబ్బు రాదు. రక్తంలోని తెల్లకణాలు వాటిని మొలకెత్తనీయవు.

ఆ కావలి సడలితే ఏమవుతుందో 2021లో దేశమంతా చూచింది. కోవిడ్ నుండి కోలుకుంటున్న అనేకులకు ముఖం వాచింది, కన్ను ఉబ్బింది, చూపు మందగించింది. ఈ వ్యాధి పేరు మ్యూకర్‌మైకోసిస్. ప్రజలు బ్లాక్ ఫంగస్ అన్నారు. ఆ సంవత్సరం జూలై నాటికి దేశంలో 45 వేలకు పైగా రోగులను గుర్తించారు. మే నెలలోనే తెలంగాణ ప్రభుత్వం దీనిని వైద్యులు తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించి, కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిని ముఖ్య చికిత్సాకేంద్రంగా నిర్ణయించింది. కంటి వైద్యుల తోడ్పాటుకు గుడిమల్కాపూర్‌కు సమీపంలోనే ఉన్న సరోజినీదేవి కంటి ఆసుపత్రిని ఎంచుకొన్నారు.

ఈ వ్యాధి ఒకరినుండి మరొకరికి అంటదు. మరి ఇంతమందికి ఎట్లా వచ్చింది? కోవిడ్ తీవ్రమైనవారికి స్టెరాయిడ్ మందులు ఇస్తారు. అవి ప్రాణం నిలుపుతవి. కాని రక్తంలో చక్కెరను పెంచుతవి, తెల్లకణాలను మందగింపజేస్తవి. మధుమేహం అదుపు తప్పి రక్తం ఆమ్లగుణం పొందితే, మాంసకృత్తులకు అంటిపెట్టుకొని ఉండే ఇనుము విడివడుతుంది. బూజు పెరుగుదలకు ఆ ఇనుమే ఎరువు.

పోగులుగా పెరిగే ఈ బూజు రక్తనాళాల గోడలను ఛేదించి లోపల ప్రవేశిస్తుంది. అక్కడ రక్తం గడ్డకడుతుంది. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. కనుక నలుపు బూజు రంగు కాదు, చచ్చిన కండ రంగు. చికిత్సలోని చిక్కంతా ఇక్కడే ఉన్నది. మందు రక్తంతోపాటే ప్రయాణం చేయవలె. రక్తం పోని చోటికి మందు మాత్రం ఎట్లా పోతుంది? అందుకే శస్త్రవైద్యుడు చచ్చిన భాగాన్ని తొలగించక తప్పదు. ఒక్కొక్కప్పుడు బూజు మెదడుకు పాకకుండా కంటినే తీసివేయవలసి వస్తుంది.

అంతకు ముందు బూజు ఏ తెగదో తేల్చుకోవలె. ముక్కులోని కండ ముక్కను పొటాసియం హైడ్రాక్సైడు ద్రావణంలో వేస్తే కండ కరుగుతుంది. గట్టి గోడలుగల బూజుపోగులు మిగులుతవి. సూక్ష్మదర్శినిలో అవి వెడల్పుగా, అడ్డుగోడలు దాదాపు లేకుండా, సుమారు లంబకోణంలో చీలి కనబడితే మ్యూకర్ తెగ అని అనుమానించవచ్చు. సన్నగా, అడ్డుగోడలతో, లఘుకోణంలో చీలితే ఆస్పర్‌జిల్లస్ కావచ్చు. ఈ తేడా ప్రాణప్రదమైనది. ఆస్పర్‌జిల్లస్‌ను అణచే వోరికొనజోల్ మ్యూకర్‌ను ఏమీ చేయలేదు.

బూజును చంపే మందులు తక్కువగా ఉండడానికి కారణమేమి? మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో వెలువడిన ఆరియోమైసిన్ బాక్టీరియాను అణచగలదు; బూజు మీద అది పనిచేయదు. బాక్టీరియా కణనిర్మాణం మన కణాలకు చాల దూరమైనది. బూజు కణం మనకు దగ్గరి చుట్టం. దానికి తగిలే దెబ్బ మనకూ తగులుతుంది. అయితే ఒక చిన్న తేడా ఉన్నది. మన కణాల పొరలో కొలెస్టరాల్ ఉంటే, బూజు కణాల పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. 1950 దశకం మధ్యలో, వెనిజులా దేశపు ఒరినోకో నదీప్రాంతంలోని మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుండి అమెరికా శాస్త్రజ్ఞులు ఆంఫోటెరిసిన్-బి అనే మందును వేరుచేశారు. అది ఎర్గోస్టెరాల్‌ను పట్టుకొని పొరను చెడగొడుతుంది. కాని కొలెస్టరాల్‌ను కూడ కొంత తాకుతుంది గనుక మూత్రపిండాలకు హాని కలుగవచ్చు. ఈ హానిని తగ్గించడానికి మందును అతిసూక్ష్మమైన కొవ్వుబుడగలలో ఇమిడ్చి ఇస్తున్నారు.

విద్యార్థులు ఒక చిన్న లెక్క వేయవచ్చు. ఈ బుడగల మందు సామాన్యంగా రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు. 60 కిలోల రోగికి 300 మిల్లీగ్రాములు, అనగా 50 మిల్లీగ్రాముల సీసాలు రోజుకు 6. చికిత్స వారాల తరబడి సాగుతుంది. వేలాదిమందికి ఒక్కసారిగా అవసరం కలిగినప్పుడు, 2021 మేలో దేశంలో ఈ మందుకు ఎంత కరువు వచ్చిందో ఈ లెక్కే చెబుతుంది.

కనుక ఈ చికిత్స మూడు కాళ్ళ పీట వంటిది: చక్కెరను అదుపులో పెట్టడం, చచ్చిన కండను తొలగించడం, మందు ఎక్కించడం. ఏ ఒక్క కాలు లోపించినా పీట నిలువదు. మూడూ త్వరగా జరగవలె; ఈ వ్యాధిలో ఒక్క రోజు ఆలస్యమైనా బూజు ముక్కునుండి కంటికి, కంటినుండి మెదడుకు పాకవచ్చు.

ఉపాధ్యాయులు తడిపిన రొట్టెముక్కను గాజుసీసాలో పెట్టి, మూత బిగించి, నాలుగైదు రోజుల తర్వాత సీసా బయటినుండే భూతద్దంతో బూజుపోగులను పిల్లలకు చూపవచ్చు. చూచిన తర్వాత మూత తీయకుండ పారవేయవలె. దానిని చూపుతూ ఒక్క మాట కూడ చెప్పవలె. ఇంట్లో పెద్దలకు మధుమేహం ఉంటే చక్కెరను పరీక్షించుకోవడం, వైద్యుడు చెప్పనిదే స్టెరాయిడ్ వాడకపోవడం, ముఖం ఒకవైపు నొప్పి పుట్టినా చూపు రెండుగా కనబడినా ఆనాడే ఆసుపత్రికి పోవడం — కన్నును, ప్రాణాన్ని కాపాడే మార్గాలు ఇవి.